బొంతకు ఓపిక ఒక్కటే చాలదు

నేను కుట్టిన బొంత ఎవరికి చూపించినా మొదట వచ్చే మాట ఒకటే. "అబ్బ, నీకెంత ఓపికో!" ప్రేమగానే అంటారు. అయినా ఆ మాట నాకు పూర్తిగా మింగుడు పడదు. సగం కుట్టిన బొంతను అటక ఎక్కించేసిన ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు, వాళ్ళందరూ చెప్పే కారణం కూడా ఇదే: "నాకు అంత ఓపిక లేదులే." ఆ బొంత కిందికి దించి చూస్తే పొరలు జరిగిపోయి ఉంటాయి, ఒక మూల పైకి లేచి ఉంటుంది, వెనక చీర ముడతలు పడి ఉంటుంది. ఎంత ఓపిక ఉన్న మనిషి మాత్రం ఆ ముడతను ఏం చేయగలదు? కుట్టేకొద్దీ అది ముదురుతుంది గానీ తగ్గదు.

పన్నెండేళ్ళుగా కుడుతున్నాను, కొన్ని చేత్తో, కొన్ని మిషన్ మీద. ఇన్నేళ్ళలో గట్టిగా అర్థమైన సంగతి ఒకటుంది. బొంత పనిలో చిరాకు కనిపించే చోటు వేరు, అది పుట్టే చోటు వేరు. ముడత కుట్టేటప్పుడు కనిపిస్తుంది, పుట్టింది మాత్రం పొరలు పరిచేటప్పుడు. రంగు దిగేది ఉతికినప్పుడు, కానీ తప్పు జరిగింది బట్ట ఇంటికి తెచ్చిన రోజున. ముక్కల మూలలు కలవలేదని మిషన్ దగ్గర కూర్చుని తల పట్టుకుంటాం, దాని వేరు కత్తెర పట్టుకున్నప్పుడే పడి ఉంటుంది. అందుకే మధ్యలో చిరాకు పడుతున్న మనిషికి "ఓపిక పట్టు" అని చెప్పడం ఏ సాయమూ చేయదు. రెండడుగులు వెనక్కి వెళ్ళి ఎక్కడ తప్పిందో చూపించడమే సాయం.

బొంత అంటే ఏమిటో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. పాత నూలు చీరలు రెండో మూడో నాలుగో ఒకదాని మీద ఒకటి పరిచి, అంచులు లోపలికి మడిచి, వరసలు వరసలుగా చిన్న కుట్లు వేసుకుంటూ పోతే బొంత. పైన రంగురంగుల ముక్కలు కలిపితే అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టినప్పుడల్లా మన పేపర్లు ఆ పేరునే తిట్టుగా వాడతాయి, చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. సరిగ్గా కుట్టిన అతుకుల బొంత అంత తేలిగ్గా విడిపోయే వస్తువు కానే కాదు.

ఇప్పుడు చాలామంది యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ క్విల్టింగ్ వీడియోలు చూసి మొదలుపెడుతున్నారు. నేనూ చూశాను, చాలా నేర్చుకున్నాను. కానీ ఆ వీడియోల్లో వాళ్ళ చేతుల్లో ఉన్నది ఇంకా నీళ్ళు తగలని, చిక్కగా నేసిన కొత్త నూలు బట్ట. లోపల పెట్టేది క్విల్ట్ కోసమే తయారు చేసిన దూది పొర, బ్యాటింగ్ అంటారు. మన దగ్గరున్నది ఇరవై ఏళ్ళు కట్టి, ఉతికి, మెత్తబడిపోయిన చీర. అది జారుతుంది, సాగుతుంది, ఒకచోట గట్టిగా ఒకచోట జల్లెడలా ఉంటుంది. ఆ బట్టకు చెప్పిన సలహా ఈ బట్టకు అతకదు. గంతకు తగ్గ బొంత అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అందరికీ మొదట ఎదురయ్యే బాధ ముడతలే కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను. పైన చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, తిప్పి చూస్తే వెనక చీర మూడు చోట్ల మడత పడి, ఆ మడత మీదుగానే కుట్టు వెళ్ళిపోయి ఉంటుంది. విప్పాలంటే మనసు రాదు, వదిలేస్తే కళ్ళలో గుచ్చుకుంటూనే ఉంటుంది. నా మొదటి మూడు బొంతలకూ ఇదే జరిగింది. నాలుగోది మొదలుపెట్టే సమయానికి నాయనమ్మ జనగామ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. అప్పటికే ఆమెకు చూపు ఆనడం లేదు, సూది పట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. నేను మంచం మీద చీరలు పరిచి గుండుసూదులు పెడుతుంటే వచ్చి కూర్చుని చేత్తో తడిమింది. "మంచం మీద పరుస్తరా బిడ్డా? కింద పరువు. పరుసుడే పని, కుట్టుడేముంది" అంది.

గచ్చు తుడిపించి ఆరేదాకా ఆగమంది. అడుగున వచ్చే చీరను తిరగేసి పరిపించింది. నాలుగు మూలలకూ బరువు పెట్టమంటే బియ్యం డబ్బా, ఇస్త్రీ పెట్టె, రెండు పెద్ద గిన్నెలు పెట్టాను. నేను చీరను బిగుతుగా లాగబోతే చేతి మీద చిన్నగా కొట్టింది. అక్కడే నాకు ముడత రహస్యం తెలిసింది. బట్టను లాగి పరిస్తే అప్పటికి నున్నగానే కనిపిస్తుంది, బరువులు తీసేయగానే అది తన అసలు కొలతకు ముడుచుకుంటుంది, మీద పొరలు ముడుచుకోవు, అంతే, ఆ తేడా మొత్తం ముడతలై బయటికి వస్తుంది. ముడుచుకోకుండా ఉండాలి, సాగకుండా కూడా ఉండాలి, ఆ మధ్యలో ఉంచాలి. తర్వాత ఒక్కో పొర వేసినప్పుడల్లా రెండు అరచేతులతో నడిమధ్య నుంచి అంచులకు నిమురుకుంటూ రమ్మంది. మధ్యలోంచి బయటికే, అంచు నుంచి లోపలికి రాకూడదు. అలా వస్తే గాలీ వదులూ మధ్యలో చేరతాయి, ఇక వాటికి పోయే దారి ఉండదు.

ఆ తర్వాత టాకాలు. అంటే తర్వాత తీసేయడానికి దూరం దూరంగా వేసే పెద్ద కుట్లు. ఇవి కూడా మధ్య నుంచే మొదలుపెట్టి అన్ని వైపులకూ పోవాలి. వరసకూ వరసకూ మధ్య బెత్తెడు దూరం ఉంటే చాలు, టేపు అక్కర్లేదు, అరచేయి అడ్డంగా పెట్టి కొలుచుకోవడమే. అమెరికా వీడియోల్లో పిన్నులకు చెప్పే దూరం కూడా దాదాపు ఇంతే, నాలుగు అంగుళాలు. నేను మాత్రం పిన్నులు మానేశాను. వానాకాలంలో ఒకసారి పిన్నులు పెట్టిన బొంత పది రోజులు అలాగే వదిలేస్తే, ప్రతి పిన్ను చోటా తుప్పు చుక్క మిగిలింది. దారం టాకాకు ఆ భయం లేదు.

ఒంటి మంచం బొంతకు ఈ పరచడం, టాకాలు వేయడం కలిపి నాకు మూడు గంటలు పడుతుంది. "ఆ మూడు గంటలు కూర్చోవడానికే కదా ఓపిక కావాల్సింది" అని మా చెల్లెలు వాదిస్తుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఈ మూడు గంటలకు ఒక చివర ఉంది, పని అవుతున్నట్టు కంటికి కనిపిస్తుంది, అయిపోయాక నెల రోజుల కుట్టు పని హాయిగా సాగుతుంది. తప్పుగా పరిచిన బొంత మీద పెట్టే ఓపికకు చివర అంటూ ఉండదు. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. మనుషులు విసిగి వదిలేసేది ఆ రెండో రకం పనిని.

రంగు దిగడం గురించి చెప్పాలంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చెల్లెలి కూతురు పుట్టినప్పుడు పాప కోసం చిన్న బొంత కుట్టాను. అడుగున తాతయ్య పంచె, తెల్లగా మల్లెపువ్వులా ఉండేది. పైన ముక్కల్లో ఒకటి కొత్త ఎర్ర బట్ట, రంగు పోదని దుకాణంలో చెప్తే నమ్మి తెచ్చాను. కుట్టింది పాపకు ఇచ్చే ముందు ఒకసారి ఉతుకుదామని నీళ్ళలో వేశాను. పది నిమిషాల్లో పంచె మొత్తం గులాబీ రంగు. తాతయ్య అప్పటికి లేరు, ఇంకో పంచె లేదు.

మన ఇళ్ళలో దీనికి చెప్పే మందు ఉప్పు. కొత్త బట్టను ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలబడుతుందంటారు. ఆ ఎర్ర బట్టను నేను దోసెడు కల్లుప్పు వేసి రాత్రంతా నానబెట్టే వాడాను, అయినా అంత పనైంది. అద్దకం తొట్టెలో ఉప్పుకు నిజంగానే పని ఉంది, నీళ్ళలో కరిగిన రంగును నూలు పోగు వైపు తోస్తుంది. అద్దకం అయిపోయాక, పోగుకు అంటకుండా ఊరికే పైన ఉండిపోయిన రంగును కట్టిపడేసే శక్తి దానికి లేదు. వెనిగర్ కూడా అంతే, అది పట్టు, ఉన్ని అద్దకంలో పనికొస్తుంది, నూలుకు ఏమీ చేయదు. మిగులు రంగుకు ఒక్కటే దారి, బయటికి పోవడం. అందుకని ఇప్పుడు కొత్త బట్ట ఇంటికి రాగానే విడిగా ఉతుకుతాను, నీళ్ళు తేటగా వచ్చేదాకా. తర్వాత తడి బట్ట మీద తెల్ల గుడ్డ పెట్టి బొటనవేలితో గట్టిగా రుద్దుతాను. గుడ్డకు రంగు అంటితే ఆ బట్ట బొంతలోకి రాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

ఇప్పటికే అంటుకున్న వాళ్ళ కోసం ఒక మాట. దాన్ని ఎండలో ఆరేయకండి, ఇస్త్రీ అసలే చేయకండి. తడి ఆరకముందే పెద్ద పాత్రలో వేడినీళ్ళు, బాగా సబ్బు పొడి వేసి, బొంత మొత్తం మునిగేలా గంటల తరబడి నానబెట్టండి. నీళ్ళు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, దిగిన రంగు మళ్ళీ బట్ట మీద కూర్చోకుండా నీళ్ళలోనే ఉండిపోవాలి. రంగు నీళ్ళు పారబోసి మళ్ళీ, మళ్ళీ. నేను నీళ్ళ డ్రమ్ములో ఒక పగలు, ఒక రాత్రి ఇలా చేస్తే పంచె చాలావరకు తెల్లబడింది, ఒక మూల మాత్రం లేత గులాబీ నీడ ఉండిపోయింది. పెడన కలంకారీలాంటి సహజ రంగుల బట్టలకు మాత్రం ఈ వేడినీళ్ళ వైద్యం వద్దు, వాటిని చన్నీళ్ళలో విడిగా ఉతకడమే మేలు.

కొత్త బట్టను ముందే ఉతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకుకు ముడుచుకుంటుంది, నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా. పాత చీర ముడుచుకోవాల్సింది ఎప్పుడో ముడుచుకుపోయింది. ఆ రెండింటినీ పక్కపక్కన కుట్టి ఉతికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాగే పాలిస్టర్ కలిసిన చీర, నూలు చీర ఒకే బొంతలో పడితే రోజూ గొడవే, ఒకటి జారుతుంది, ఒకటి జారదు. ఏది ఏదో అనుమానం వస్తే ఒక పోగు లాగి, పళ్ళెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

మెత్తబడ్డ చీరలు కత్తిరించేటప్పుడు వంకరపోతాయి అనే బాధకు మన ఇంట్లోనే మందు ఉంది. గంజి. పలచగా గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేస్తే పాత చీర కూడా కాగితంలా నిలబడుతుంది, గీత గీస్తే గీత నిలుస్తుంది, కోస్తే కోసినట్టే ఉంటుంది. అంతా కుట్టాక ఒక్క ఉతుకుతో ఆ గంజి పోతుంది. ఉతక్కుండా మాత్రం లోపల పెట్టకండి, గంజి వాసనకు పురుగులు చేరతాయి. ఇస్త్రీ గురించి కూడా ఒక మాట, ముక్కల మీద ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద తోసినట్టు తోయకూడదు. ఎత్తి పెట్టడం, మళ్ళీ ఎత్తి ఇంకోచోట పెట్టడం. తోస్తే ఏటవాలుగా కోసిన అంచులు సాగిపోతాయి, ఆ త్రికోణం ఇక ఏ చతురస్రంలోనూ ఇమడదు.

ఇక దారం. చిక్కు పడే దారం చాలామందిని తరిమేసింది. మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించడం బద్ధకమై గజాల కొద్దీ తీసుకుంటాం, అది నాలుగు కుట్లకోసారి ముడి పడుతుంది. బట్టలోంచి పదే పదే దూరి వచ్చేసరికి దారం కొస అరిగి పీచు లేస్తుంది, అప్పుడు చిక్కు పడక ఏం చేస్తుంది? మూరెడు దారం చాలు. అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొసదాకా, సుమారు 18 అంగుళాలు. దాన్ని తేనెమైనం ముక్క మీద రెండుసార్లు లాగి, వేళ్ళతో నిమిరితే పీచు అణిగిపోతుంది. చూపు తగ్గినవాళ్ళు పగటి వెలుగులో ఒకేసారి పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టుకుంటే, సాయంత్రం ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు. నాలుగు పొరల్లోంచి సూది రాక వేళ్ళు నొప్పి పుడితే, పగిలిన బెలూన్ ముక్కతో సూది పట్టుకుని లాగి చూడండి, జారకుండా వచ్చేస్తుంది. జరీ అంచును మాత్రం ముందే కోసి పక్కన పెట్టండి. దాన్ని కుట్టడం సూదికి శిక్ష, తర్వాత దాని మీద పడుకోవడం ఒంటికి శిక్ష.

మిషన్ మీద కుట్టేవాళ్ళ బాధ ఇంకో రకం. కింది పొర ముందుకు పోతుంది, పై పొర వెనకబడుతుంది, వరస చివరికి వచ్చేసరికి పైన అంగుళం బట్ట మిగిలిపోతుంది. మిషన్‌లో బట్టను ముందుకు లాగే పళ్ళు కింద మాత్రమే ఉంటాయి, పైనున్న ఫుట్ ఊరికే నొక్కి పట్టుకుంటుంది. రెండు పొరల జాకెట్టుకు ఆ తేడా తెలియదు, నాలుగు పొరల బొంతకు బాగా తెలుస్తుంది. పైనుంచి కూడా లాగే వాకింగ్ ఫుట్ దొరికితే మంచిదే, మన నల్ల మిషన్లన్నిటికీ అది సరిపోదు. అప్పుడు ఫుట్ ఒత్తిడి తగ్గించండి, కుట్టు పొడవు పెంచండి, సూది 16 నంబరుది వేయండి. ఒక వరస ఇటు నుంచి అటు కుడితే పక్క వరస అటు నుంచి ఇటు కుట్టడం చాలామందికి అలవాటు, దానివల్ల పొరలు మెలి తిరుగుతాయి. అన్ని వరసలూ ఒకే వైపు నుంచి మొదలుపెట్టండి.

బట్ట కింద దారం గూడు కట్టినట్టు పేరుకుంటే అందరూ మొదట కిందిదారం చుట్టి ఉండే బాబిన్‌ను తిడతారు, దాని స్క్రూ తిప్పి ఉన్నది కూడా పాడు చేసుకుంటారు. చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దిగదు. ఫుట్ పైకి ఎత్తి, మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. కింద కనిపించే తప్పు పైన పుట్టింది, చూశారా, ఇక్కడా అదే కథ.

పెద్ద బొంత మిషన్ మెడలో పట్టదు అని కూడా అడుగుతారు. నిజమే, ఇంటి మిషన్‌లో సూదికీ కుడివైపు కంబానికీ మధ్య ఉండేది జానెడు కూడా లేని చోటు. రెండు వైపుల నుంచీ చాపలా చుట్టి, మధ్య వరసలు ముందు కుట్టి బయటికి రావాలి. బొంత బరువు వేలాడితే సూది దగ్గర బట్టను వెనక్కి గుంజుతుంది, అందుకని ఎడమవైపు ఒక బల్ల, వెనక ఒక కుర్చీ వేసి బరువు వాటి మీద మోపండి. ఇంత చేసినా డబుల్ కాట్ బొంత మిషన్ మీద కష్టమే. దాన్ని నేను నాలుగు భాగాలుగా విడివిడిగా కుట్టి చివర కలుపుతాను, లేదా చేత్తో కుడతాను.

ముక్కల మూలలు కలవకపోవడం గురించి ఒక లెక్క చెప్తాను. ముక్కకూ ముక్కకూ కుట్టులో పావు అంగుళం పోవాలి. మనం ప్రతి ముక్కకూ అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నామనుకోండి, దాదాపు నువ్వుగింజ వెడల్పు. కుట్టుకు రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు పోయింది. వరసకు 12 ముక్కలుంటే 11 కుట్లు, మొత్తం ఒకటింపావు అంగుళం పైనే తరుగు. పక్క వరసలో ఆ తప్పు లేకపోతే రెండు వరసలు ఎలా కలుస్తాయి? అందుకే పెద్ద పని మొదలుపెట్టే ముందు ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా అంగుళం వస్తే మీ పావు అంగుళం సరైనది. రాకపోతే ఎక్కడికి జరగాలో చూసుకుని, మిషన్ ప్లేటు మీద ఒక టేపు ముక్క అంటించుకుని దాని వెంటే కుట్టండి.

అయితే ఈ కొలతల పట్టింపు అన్ని బొంతలకూ అక్కర్లేదని కూడా నేను గట్టిగా నమ్ముతాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టుకున్నారు. గీతలు వంకరగా ఉంటాయి, పట్టీలు ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. ఆ బొంతలనే 2002లో హ్యూస్టన్‌లోనూ, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకు పెట్టి చూపించారు, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. కొలత తప్పడం వేరు, కొలత పెట్టుకోకుండా కంటితో చూసి కుట్టడం వేరు. మీది ఏ బొంతో ముందే అనుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

అంచులు మూయడం రాక ఆగిపోయేవాళ్ళకు మన పక్క రాష్ట్రంలోనే ఒక జవాబు ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, ఎల్లాపూర్, హళియాళ్ వైపు సిద్దీలు ఉన్నారు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. మనలా మధ్య నుంచి కాకుండా మూల నుంచి మొదలుపెట్టి, అంచు అప్పటికప్పుడు మడుస్తూ, ముక్క మీద ముక్క పెట్టి కుట్టుకుంటూ చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. కుట్టడం పూర్తయ్యేసరికి అంచు పని కూడా పూర్తయి ఉంటుంది. చివర మూలలకు మడిచిన చిన్న త్రికోణాలు కుడతారు, వాటి పేరు ఫూలా. నాయనమ్మ చెప్పిన మధ్య నుంచి బయటికి అనే సూత్రానికి ఇది పూర్తిగా ఎదురు, అయినా ముడతలు రావు. ముక్కలు ముందే ఒకదానికొకటి కుట్టేసి ఉండవు కాబట్టి వదులు వచ్చినప్పుడల్లా పక్క ముక్క కింద సర్దేస్తారు. పద్ధతి మారితే జాగ్రత్త పడాల్సిన చోటు కూడా మారుతుందని అది చూశాకే నాకు తెలిసింది.

బరువు గురించి కొద్దిగా. వెచ్చగా ఉంటుందని ఆరేడు పొరలు వేయకండి, తడిసిన ఆ బొంతను పిండడం ఇద్దరి వల్ల కూడా కాదు, వానాకాలంలో ఆరక బూజు వాసన పడుతుంది. మన వాతావరణానికి మూడు నాలుగు పొరలు చాలు. లోపల విడి దూది పెడితే ఉతికినప్పుడు ముద్దలు కడుతుంది, వెనకటికి దూదేకులవాళ్ళు వచ్చి ఏకి మళ్ళీ నింపేవాళ్ళు కాబట్టి సాగింది. ఇప్పుడైతే లోపల పాత నూలు దుప్పటి పెట్టుకోవడం మేలు. ఆరేసేటప్పుడు ఒక తాడు మీద కాకుండా పక్కపక్కనున్న రెండు తాళ్ళ మీద వేయండి. ఒక్క అంచు పట్టి వేలాడేస్తే నీళ్ళ బరువుకు కుట్లు తెగుతాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ బట్టతో వచ్చే బాధలు. మనుషులతో వచ్చేది ఒకటుంది. తెలిసిన ఒకావిడ కోడలి సీమంతానికి బొంత కుట్టిపెట్టమంది. ధర చెప్పగానే "అదేంటి వదినా, పాత చీరలేగా, అవీ నేనే ఇస్తున్నా కదా!" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. చీరలు తనవే, నిజమే. నా చేతులు నావి. ఆ రోజు నుంచి ప్రతి బొంతకూ ఒక చిన్న పుస్తకంలో గంటలు రాయడం మొదలుపెట్టాను, ఉతకడానికి ఎంత, పరచడానికి ఎంత, కుట్టడానికి ఎంత. ఒంటి మంచం బొంత ఒకటి చేత్తో కుడితే నాకు అరవై గంటలు దాటింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ధరకు ముందు ఆ పేజీ చూపిస్తాను. కొందరు వద్దంటారు, కొందరు "ఇన్ని గంటలా!" అని ఆ పేజీ రెండోసారి చదువుతారు. చిన్నప్పుడు పంటలు అయిపోయాక ఊళ్ళోకి బొంతలు కుట్టే ఆమె వచ్చేది, మా అరుగు మీద కూర్చుని రెండు మూడు రోజులు కుట్టేది, నాయనమ్మ ఆమెకు పైసలతో పాటు వడ్లు కొలిచి పోసేది, అన్నం పెట్టేది. పాత చీరలేగా అని నాయనమ్మ అనగా నేను వినలేదు. ఇష్టంతో ఇవ్వాల్సినవాళ్ళకు ఊరికే ఇస్తాను. అమ్మేటప్పుడు మాత్రం తగ్గించను, తగ్గిస్తే నాకంటే ఎక్కువగా ఈ పని మీదే బతికే ఆడవాళ్ళకు నష్టం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటిదే డబుల్ కాట్ సైజు ఎత్తుకోవద్దు. చంటిపాప బొంత కుట్టండి, గజం పొడవు, అంతకంటే కొంచెం తక్కువ వెడల్పు. పరచడం నుంచి అంచు దాకా అన్ని తప్పులూ అందులోనే జరుగుతాయి, అన్నీ చిన్నగా జరుగుతాయి. పాపకు కింద వేసే గుడ్డలో కుట్టు వంకర పోయిందని ఎవరూ చూడరు, బాలింత అయితే అసలే చూడదు.

ఒక్క చిక్కుకు మాత్రం నాకు చాలా కాలం దారి దొరకలేదు. అమ్మ పోయాక ఆమె నూలు చీరలు ఆరు నా బీరువాలో ఉన్నాయి. అందులో వెంకటగిరి చీర ఒకటి, బడికి వెళ్ళేటప్పుడు ఎక్కువగా కట్టుకునేది. బొంత కుట్టుకుందామని నాలుగుసార్లు తీశాను, గీత కూడా గీశాను, కత్తెర పెట్టబోతే చేయి రాలేదు. ఆ చీర మధ్యకు మడిస్తే రెండు ముప్పావు మీటర్ల పొడవు, గజం పైన వెడల్పు, అచ్చంగా ఒంటి మంచం బొంతకు కావలసినంత. అది కొలిచాక తట్టింది, నాయనమ్మ కుట్టిన బొంతల్లో సగం వాటికి పైన ముక్కలే లేవు. చీరకు చీర అలాగే, కొంగుతో సహా. కత్తెర ఎవరు పట్టమన్నారు నన్ను?

నిన్న సాయంత్రం గచ్చు తుడిచి, ఆరాక, చీరను మధ్యకు మడిచి పరిచాను. మడత లోపల అమ్మదే రెండు పాత చీరలు, సరిపడా మడిచినవి. నడుము దగ్గర చెక్కీ చెక్కీ పలచబడ్డ చోటుకు లోపల ఇంకో పొర అదనంగా వేశాను. మూలలకు బియ్యం డబ్బా, ఇస్త్రీ పెట్టె, రెండు గిన్నెలు. మధ్య నుంచి బెత్తెడు దూరంలో టాకాలు వేసుకుంటూ కొంగు దాకా వచ్చాను. అక్కడ ఒక సిరా మరక ఉంది, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు పడింది అయి ఉంటుంది. దాని చుట్టూ కుట్టాలా, మీదుగానే కుట్టాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను.